వంతెన ఆనిన చోటు

"ఈ వంతెన పడిపోతుందేమో."

వంతెన నడిమధ్యన, పాపని భుజాన వేసుకుని నిలబడి నేనీ మాట అన్నాను. నా భార్య నాలుగడుగులు ముందు నడుస్తోంది. వెనక్కి తిరగకుండానే, "వంతెన పడదు గానీ, నువ్విలా దారికడ్డంగా నిలబడితే వెనకవాళ్లు నిన్ను పడేస్తారు. నడువు," అంది.

నడిచాను. కాళ్ల కింద ఇనప రేకు సన్నగా వణుకుతూనే ఉంది. ఎదురుగా బడిపిల్లల గుంపొకటి పరుగున వచ్చి మమ్మల్ని దాటిపోయింది. వణుకు కాస్త పెరిగి, మళ్లీ తగ్గింది. పాప దాన్ని ఉయ్యాల అనుకుందో ఏమో, కిలకిలా నవ్వింది.

మా ఇల్లు ఈ గట్టున. పాపని పగలు ఉంచే క్రెష్, నా ఆఫీసు ఆ గట్టున. రెండు గట్ల మధ్య లోతుగా తవ్వి వేసిన పెద్ద రోడ్డు, దాని మీద ఎడతెగని లారీలు. వంతెన మధ్య నుంచి కింద బస్టాపుకి దిగడానికి మెట్లున్నాయి. వంతెన వద్దనుకుంటే చాలా దూరం చుట్టూ తిరిగి వెళ్లి, సిగ్నల్ ఎప్పుడు పనిచేస్తుందో తెలియని కూడలిలో లారీల మధ్య నుంచి దాటాలి.

నేను భౌతికశాస్త్రం చదివాను. తట్టితే ఏ వస్తువైనా వణుకుతుందనీ, వణకడం విరగడానికి గుర్తు కాదనీ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పాప పుట్టాక ఆ చదువు నాకు ధైర్యం చెప్పలేదు. నా భయాలకి శాస్త్రీయమైన పేర్లు మాత్రం అందించింది. అయితే ఈ వంతెన విషయంలో నా అనుమానానికి వేరే కారణం కూడా ఉంది. దీని లెక్కలు మా ఆఫీసులోనే చేశారు. చేసిన మనిషి నా పక్క బల్ల దగ్గరే కూర్చుంటుంది. ఆవిడ ఏదో దాస్తోందని నాకు గట్టిగా అనిపించడం మొదలైంది.

ఆఫీసులో ఆవిణ్ని అందరూ గీతల మేడం అంటారు. ఆవిడ చేతిలో ఎప్పుడూ మొండి పెన్సిలు ఒకటి ఉంటుంది. గోడ మీద బీట కనిపిస్తే ఆ బీట చివర చిన్న గీత. బీరువా ఒరిగినట్టనిపిస్తే గచ్చు మీద దాని కాలి పక్కన గీత. కొన్నాళ్లకి మళ్లీ వచ్చి, బీట గీతని దాటిందా, బీరువా గీత దగ్గరే ఉందా అని చూసి వెళ్తుంది. "మేడంగారు వాళ్లాయన నడుం మీద కూడా గీత గీశారట, లావెక్కుతున్నాడేమో చూద్దామని," అని మా కుర్రాళ్లు నవ్వుకునేవారు. ఆవిడ ఒకసారి అది విని, "గీశాను నాయనా. అది ఎప్పుడో దాటేశాడు. ఇప్పుడు రెండో గీత మీద ఉన్నాడు," అని తన పని తాను చేసుకుంది.

మా పని ఇది. వేరేవాళ్లు కట్టబోయే వంతెనలూ, షెడ్లూ, నీళ్ల ట్యాంకులూ నిలబడతాయో లేదో ముందే లెక్కగట్టి చెప్పాలి. కట్టడం బొమ్మ కంప్యూటర్లో గీసి, దాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడతాం. బరువు ఎక్కడ పడుతుందో, కట్టడం దేని మీద ఆనుతుందో చెప్తాం. ఏ గడిలో ఒత్తిడి ఎంతో అది లెక్కవేసి రంగుల్లో చూపిస్తుంది. తక్కువైతే నీలం, ఎక్కువైతే ఎరుపు. నేను చేరిన కొత్తలో ఆ రంగులు చూసి మురిసిపోయేవాణ్ని. మేడం మాత్రం బటన్ నొక్కనిచ్చేది కాదు.

"ముందు నీ అంచనా కాగితం మీద రాయి. బోర్లించి పెట్టు. తరవాత వాణ్ని అడుగు," అనేది. కంప్యూటర్ని ఆవిడ వాడు అంటుంది.

"వాడే చెప్తాడు కదండీ, ముందు నేనెందుకు కొట్టుకోవడం?"

"వాడు చెప్పాక నువ్వు చెప్పేది అంచనా కాదయ్యా ఫిజిక్సూ, వంత పాడటం."

ఫిజిక్సు అంటే నేనే. నా చదువే నాకు ఆవిడ పెట్టిన పేరు.

ఆ అలవాటు ఆవిడకి ఎక్కడ నుంచి వచ్చిందో టీ తాగేటప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పింది. తండ్రి గూడ్సు యార్డులో క్రేను నడిపేవాడట. బరువుని కాస్త పైకి లేపి, అక్కడే ఆపి, క్రేను దిగి వచ్చి తాడుని చూసి, తరవాతే పూర్తిగా లేపేవాడట. యార్డులో వాళ్లు విసుక్కున్నా ఆయన పట్టించుకోలేదట. "మా నాన్నకి తాడు మీద నమ్మకం లేక కాదు. తన మీద లేక," అంది మేడం.

కాలేజీలో ఇంజనీరింగు క్లాసుకి ఆవిడొక్కతే ఆడపిల్ల. లెక్క సరిగ్గా చేసిన రోజునల్లా లెక్చరరు, "ఎవరు చేసిపెట్టారమ్మా? అన్నయ్యా?" అని బోర్డు దగ్గరికి పిలిచి మళ్లీ చేయించేవాడట. "నాకు అన్నయ్యే లేడు. ఆ మాట చెప్పినా నమ్మలేదు. దాంతో మొదటి మెట్టు నుంచి చివరిదాకా ఎవరూ వేలు పెట్టలేనట్టు రాయడం నేర్చుకున్నాను. ఆయన అనుమానమే నాకు ట్యూషను."

ఉద్యోగంలో చేరినప్పుడు ఆఫీసు మొత్తానికీ ఒకటే కంప్యూటరు. చల్లటి గదిలో, చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. ఆవిడ మొదటి లెక్క ఒక నీళ్ల ట్యాంకు. బొమ్మ ముచ్చటగా వచ్చింది, రంగులన్నీ చల్లగా ఉన్నాయి. అందరికీ చూపించి మెప్పు పొందింది. బొమ్మలు గీసే పెద్దాయన ఒకాయన కళ్లజోడు సర్దుకుని, "అమ్మాయీ, ఈ ట్యాంకు కాళ్ల మీద పడుతున్న బరువు మొత్తం కలిపి చూశావా?" అన్నాడట. కలిపి చూస్తే పిల్లి బరువంత కూడా లేదు. కొన్ని కొలతలు మీటర్లలో, కొన్ని మిల్లీమీటర్లలో ఇచ్చింది. "వాడు ఒక్క మాట అడగలేదు చూడు. పిల్లి బరువు ట్యాంకుకి కూడా అంతే శ్రద్ధగా రంగులేసి పెట్టాడు," అని ఇన్నేళ్ల తరవాత కూడా కంప్యూటర్ వైపు కోపంగా చూసింది.

ఇంట్లో ఆవిడ భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, వంట కూడా ఆయనదే. "ఆయన స్టవ్ మీద ఏం పెట్టినా నేను మూత తీసి చూడను. నమ్మకం అనేది ఒకచోటైనా ఉండాలి కదా," అనేది.

ఇలాంటి మనిషి కదా, ఈవిడ లెక్క చేసిన వంతెన మీద పాపని ఎత్తుకుని నడవడానికి భయమెందుకు అనిపించాలి. కొన్నాళ్లు అలాగే అనిపించింది కూడా.

ఒక మధ్యాహ్నం పని తక్కువగా ఉంటే, పాత ఫైళ్లలో వెతికి మా వంతెన మోడల్ తెరిచాను. తెరవకూడదని ఎవరూ అనలేదు. అయినా దొంగపని చేస్తున్నట్టు స్క్రీన్ కొంచెం గోడవైపు తిప్పుకున్నాను. వంతెనంతా నీలం, ఆకుపచ్చ. హాయిగా ఊపిరి పీల్చుకోబోతుండగా ఒకచోట చూపు ఆగింది. మెట్ల దూలం వచ్చి పెద్ద దూలంలో కలిసే లోపలి మూలలో ఏ రంగూ లేదు. ఆ కాసిన్ని గళ్లనీ ఎవరో పనిగట్టుకుని బూడిద రంగుతో కప్పేశారు.

ఆ కప్పు తీశాను. కింద ఎరుపు.

మూల దగ్గర గళ్లు ఇంకా చిన్నవి చేస్తే లెక్క ఇంకా కచ్చితంగా వస్తుందని నేను నేర్చుకున్నాను. చిన్నవి చేసి మళ్లీ నడిపించాను. అంకె పెరిగింది. ఇంకా చిన్నవి చేశాను. ఇంకా పెరిగింది, ఇనుము ఓర్చుకునే హద్దు దాటింది. మరింత సన్నం చేస్తే మరింత పైకి పోయింది. దగ్గరికి వెళ్లి చూసేకొద్దీ ప్రమాదం పెద్దదవుతోంది. పక్క బల్ల దగ్గర మేడం పెన్సిలు చెక్కుకుంటోంది. ఆ చప్పుడు నాకు ఎప్పుడూ లేనంత గట్టిగా వినిపించింది.

ఆ సాయంత్రం పాపని తీసుకుని చుట్టుదారిన ఇంటికి వచ్చాను. నా భార్య అప్పటికే ఊరంతా ఫోన్లు చేసి ఉంది.

"వంతెన ఏమైంది?"

చెప్పాను. మూల, బూడిద రంగు, పెరిగే అంకె, అన్నీ. ఆమె పాప సాక్సు విప్పుతూ విన్నది.

"సరే. పడుతుందో లేదో తెలియని వంతెనని వదిలేసి, గుద్దుతాయని తెలిసిన లారీల మధ్య నుంచి పాపని తెచ్చావు. ఇదేనా మీ సైన్సు?"

"ఆవిడ దాచిందంటున్నాను."

"దాచిందో లేదో ఆవిణ్నే అడగరాదూ? నోరు లేదా?"

నోరుంది. కానీ అడిగితే ఆవిడ జాగ్రత్త పడుతుందని నా లోపలి డిటెక్టివు చెప్పాడు. అడగలేదు. మర్నాటి నుంచి మళ్లీ వంతెన మీదుగానే వెళ్తూ, ఆవిణ్ని కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. చూసేవాడికి కనపడకుండా పోదు కదా. భోజనాల వేళ ఆవిడ అప్పుడప్పుడు మాయమవుతోంది. వచ్చేసరికి చీర అంచుకి మట్టి ఉంటోంది. ఒకరోజు వెనకాలే వెళ్లాను.

మేడం తిన్నగా వంతెన దగ్గరికి వెళ్లింది. వంతెన ఎక్కలేదు. రెయిలింగు పక్క నుంచి గట్టు మీదకి దిగి, వంతెన చివర కాంక్రీటు దిమ్మె మీద ఆనే చోట వంగి కూర్చుంది. బ్యాగులోంచి టార్చి తీసింది. వేలితో ఏదో తడిమింది. అటూ ఇటూ చూసింది. నేను బస్టాపు మెట్ల కమ్మీ వెనక్కి తప్పుకున్నాను. లేచి నిలబడినప్పుడు ఆవిడ ముఖం చూశాను. అది లెక్క సరిపోయిన మనిషి ముఖం కాదు.

ఆ రోజు ఇక ఊరుకోలేకపోయాను. అయినా దొడ్డిదారినే వెళ్లాను.

"మేడం, మామూలుగా అడుగుతున్నాను. గళ్లు చిన్నవి చేసేకొద్దీ ఒకచోట ఒత్తిడి ఆగకుండా పెరుగుతుంటే ఏమనుకోవాలి?"

ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూసింది. "ఏ మూల?"

"ఏదో ఒక మూల. ఉదాహరణకి."

"ఉదాహరణకి మెట్ల దూలం కలిసే మూలా?"

నేను స్క్రీన్ వైపు చూశాను.

"ఫైలు తెరిస్తే ఎవరు తెరిచారో పక్కన పేరు పడుతుందయ్యా. పది రోజుల నుంచి చూస్తున్నాను, ఎప్పుడడుగుతాడా అని. రా, కుర్చీ లాక్కో."

కాగితం మీద రెండు గీతలు కలిపి పదునైన మూల గీసింది. "ఇది మనం కంప్యూటర్లో గీసిన మూల. సూది మొన కన్నా పదును. అసలు గుండ్రమే లేదు. ఇలాంటి లోపలి మూలలో ఒత్తిడి ఎంతుంటుందని సిద్ధాంతాన్ని అడిగితే అంతులేనంత అంటుంది. పాపం వాడు ఆ అంతులేని అంకె వైపు పరిగెడుతున్నాడు. నువ్వు గళ్లు చిన్నవి చేసినప్పుడల్లా ఇంకో అడుగు వేస్తున్నాడు. రిటైరయ్యేదాకా చేసినా చేరడు. అందుకే ఆ గళ్లని బూడిద రంగుతో కప్పాను."

"మరి అక్కడ ఇనుము తెగదా?"

"అలాంటి మూల ఈ లోకంలో లేదు. వెల్డింగు చేసినవాడు అక్కడ ఇనుము కరిగించి పోశాడు, గుండ్రంగా మెత్తగా ఉంటుంది. ఆ గుండ్రం పెట్టి చేసి చూడు. ముందు..."

"అంచనా రాసి బోర్లించాలి."

"నేర్చుకుంటున్నావు."

రాశాను. వెల్డింగు గుండ్రం కొలత తీసుకుని మూల మార్చి నడిపించాను. గళ్లు చిన్నవి చేశాను. అంకె కొంచెం పెరిగి, నిలబడిపోయింది. ఇంకా చిన్నవి చేసినా కదల్లేదు. హద్దుకి చాలా కిందనే ఉంది. నా అంచనా దాదాపు రెట్టింపు ఉంది.

"భయం వైపు తప్పావు. పసిబిడ్డ తండ్రివి, మన్నించొచ్చు," అంది మేడం.

ఆ మాటకి నవ్వి లేచిపోయేవాణ్నే. కానీ మట్టి అంటిన ఆ చీర అంచు కళ్ల ముందు మెదిలింది. "మరి వంతెన కిందికి వెళ్లి ఏం చూస్తున్నారు?" అన్నాను.

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. "నా వెనకాల వచ్చావా?"

"వచ్చాను."

ఆవిడ పెన్సిలు మళ్లీ తీసుకుని, "పని చూసుకో," అని అటు తిరిగింది. అంతవరకు మూల గురించి అంత ఓపిగ్గా చెప్పిన మనిషి, ఒక్క ప్రశ్నకి అలా తలుపు వేసుకోవడంతో, తగ్గిన అనుమానం మళ్లీ రెక్కలు విప్పింది. మూల అడిగినందుకు చూపించింది. అడగని చోట ఏముంది?

మర్నాడు భోజనాల వేళ తనే నా బల్ల దగ్గరికి వచ్చింది. "నడు," అంది.

ఇద్దరం గట్టు దిగాం. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. వంతెన చివర, పెద్ద దూలం కాంక్రీటు దిమ్మె మీద ఆనే చోట, ఒకదాని మీద ఒకటి రెండు ఇనప పలకలున్నాయి. మధ్యలో నున్నటి పొర. దూలం ఎండకి సాగినప్పుడు పై పలక కింది పలక మీద జారాలి. రెండు పలకల అంచుల మీదుగా నిలువుగా ఒక పెన్సిలు గీత ఉంది. తిన్నగా.

"ఈ గీత ఎప్పుడు గీశానో తెలుసా? చలి ఇంకా పోకముందు. ఇప్పుడు చూడు, ఇనుము మీద చెయ్యి పెట్టలేవు. దూలం సాగాలి. పై సగం జరగాలి. గీత రెండు ముక్కలవ్వాలి. పోయిన ఏడు గీసిన గీత ఎండాకాలంలో గోరంత విడింది. ఈసారి వెంట్రుకంత కూడా విడలేదు."

వంగి చూశాను. గీత చెక్కుచెదరలేదు. పలకల మధ్య సందులో దట్టంగా పచ్చ రంగు పేరుకుని ఉంది.

"శీతాకాలంలో వంతెనకి రంగు వేశారు. వేసినవాళ్లు సందు కనిపించగానే కూరి మూసేశారు, నీట్‌గా ఉంటుందని. దాని మీద దుమ్ము. పలక బిగుసుకుపోయిందని నా అనుమానం."

"బిగుసుకుంటే?"

"లెక్కలో ఈ చివర నేనేం పెట్టానో చూశావా? చిన్న త్రికోణం, కింద రెండు చక్రాలు. ఇక్కడ స్వేచ్ఛగా జారుతుందని గుర్తు. ఒక్క క్లిక్కు. ఆ క్లిక్కు మీద మిగతా లెక్కంతా కూర్చుంది. నువ్వు ఆ మూలని అన్ని రోజులు గుచ్చిగుచ్చి చూశావు. ఈ చక్రాల వైపు ఒక్కసారి చూశావా?"

చూడలేదు. త్రికోణం కింద రెండు సున్నాలు చూసి, అది పుస్తకంలో బొమ్మ కదా అనుకుని దాటేశాను.

"సాగనివ్వకపోతే దూలం దిమ్మెని తోస్తుంది," అంది. "ఎంత తోస్తుందో నీకు తెలిసే ఉండాలి. ఇనుము పొడుగుదైనా పొట్టిదైనా, పూర్తిగా బంధించి వేడి చేస్తే లోపల పుట్టే ఒత్తిడి ఒకటే. దూలం దాన్ని ఓర్చుకుంటుంది. కాంక్రీటు దిమ్మె ఓర్చుకోదు. అయితే దిమ్మె వెనక మట్టి ఉంది, అది కొంచెం ఒదుగుతుంది. మనకి ఉన్నవి రెండే గుర్తులు, పూర్తిగా జారేది, అసలు జారనిది. ఇక్కడున్నది ఆ రెండిట్లో ఏదీ కాదు. ఎక్కడో మధ్యలో ఉంది. ఆ మధ్య ఎక్కడో నాకు తెలీదు."

"తెలీదని తెలిసి ఎవరికీ చెప్పలేదా? నేను రోజూ పాపని ఎత్తుకుని..." గొంతు పెరిగిపోయింది.

ఆవిడ తప్పించుకోలేదు. "మొదట గీత నేనే సరిగ్గా గీయలేదేమో అనుకున్నాను. తరవాత ఎండ ఇంకా ముదరలేదులే అనుకున్నాను. ముదిరాక చూద్దాం, ఇంకో వారం చూద్దాం అని జరుపుకుంటూ వచ్చాను. ఈ వేసవిలోనే రిటైరవుతున్నాను. ఇదే బొమ్మతో ఇంకో వంతెన పని మేనేజరు చేతిలో ఉంది. ఇవన్నీ కూడా మనసులో ఉన్నాయి, లేవని ఎలా అంటాను? నిన్న నువ్వు అడగకపోతే ఈ వారం కూడా జరిపేదాన్ని."

ఆవిడ టార్చి బ్యాగులో వేసుకుని, "ఇంక జరపను. పద," అంది.

మేనేజరు తన గదిలో మొదట నవ్వాడు. తరవాత నవ్వు ఆపాడు.

"మేడం, లెక్క మీదే కదా? అన్నీ సరిపోయాయని సంతకం పెట్టింది మీరే."

"నేనే. అందుకే వచ్చాను."

"వెళ్లిపోయే ముందు ఆఫీసు మీద బురద చల్లి పోతారా?"

"బురద కాదు సార్, రంగు. ఆ రంగు గీకించమంటున్నాను."

"ఇంతకీ మీ ఉద్దేశం ఏంటి? కొత్త పని మనకి రాకుండా చేద్దామనా? ఎవరైనా మీ చేత చేయిస్తున్నారా?" ఆయన నావైపు కూడా అదే చూపు చూశాడు. ఆ గదిలో అందరం అందర్నీ అనుమానిస్తున్నాం.

మేడం నొచ్చుకోలేదు. మూడు కాగితాలు చింపి బల్ల మీద పెట్టింది. "ఆ చివర చక్రాలు తీసేసి, కదలకుండా పెట్టి, ఎండ వేడి ఇచ్చి నడిపిద్దాం. దిమ్మె మీద తోపుడు ఎంతొస్తుందో ముగ్గురం రాద్దాం. మీరు కూడా రాయండి సార్. ఒకప్పుడు మీరు నాకన్నా బాగా రాసేవారు."

ఆయన అయిష్టంగానే పెన్ను తీశాడు. రాసి బోర్లించాడు. నేను ఆయన కంప్యూటర్లోనే మోడల్ తెరిచి, చక్రాల గుర్తు చెరిపి నడిపించాను. అంకె వచ్చాక ముగ్గురం కాగితాలు తిరగేశాం. మేడంది చాలా దగ్గరగా ఉంది, నాది కొంచెం దూరం. మేనేజరుది మా ఇద్దరి అంకెల కన్నా ఎక్కువ, కంప్యూటర్ చెప్పినదాని కన్నా కూడా ఎక్కువ. మా ఇద్దరికన్నా ఆయనకే ఎక్కువ భయంగా ఉందన్నమాట. దిమ్మె ఓర్చుకునే హద్దుకి పైనే ఉంది ప్రతి అంకే.

"అది పూర్తిగా బిగుసుకుంటే కదా," అన్నాడు ఆయన, కానీ గొంతు తగ్గింది.

"అవును. ఎంత బిగుసుకుందో ఇక్కడ కూర్చుంటే తెలీదు. రండి."

ముగ్గురం గట్టు దిగాం. మేనేజరు బూట్లతో జారబోయి నా భుజం పట్టుకున్నాడు. గీత చూశాడు. పేరుకున్న రంగు గోటితో గీకాడు. తరవాత, ఎందుకో మరి, దిమ్మె అంచుని అరచేత్తో నిమిరాడు. పలక పక్కన గుప్పెడంత కాంక్రీటు పెచ్చు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. దాని వెనక, దిమ్మె లోపలికి, వెంట్రుక లాంటి బీట ఒకటి ఏటవాలుగా పోయింది.

ఆ పెచ్చు చేతిలో పట్టుకునే ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. నగరపాలక కార్యాలయం వాళ్లకి చెప్తున్నంతసేపూ మా తలల మీదుగా జనం నడుస్తూనే ఉన్నారు. వాళ్ల అడుగుల చప్పుడు నేను ఎప్పుడూ కింద నుంచి వినలేదు.

సాయంత్రానికి వంతెనకి రెండు వైపులా అడ్డుకర్రలు కట్టారు. ఊరంతా తిట్టుకుంది. క్రెష్ దగ్గర ఒక తల్లి, "ఎవరో పనిలేనావిడ పెన్సిలు గీత చూసి మూయించేసిందట, చోద్యం కాకపోతే," అని నాతోనే అంది. ఆ పనిలేనావిడ నా పక్కసీటని చెప్పాను. ఆమె ఆ రోజు నుంచి నాతో పలకడం మానేసింది. కూడలి దగ్గర ఒక పోలీసుని నిలబెట్టమని కూడా మేడం పట్టుబట్టి అడిగింది. నిలబెట్టారు. నా భార్య అది చూసి, "మీ మేడం లారీల గురించి కూడా ఆలోచించింది. నువ్వు ఆలోచించలేదు," అంది.

పనివాళ్లు జాకీలు పెట్టి దూలాన్ని కొద్దిగా పైకెత్తిన రోజు మేమిద్దరం అక్కడే ఉన్నాం. పలకల మధ్య రంగు తెగినప్పుడు తుపాకి పేలినట్టు చప్పుడైంది. గట్టు మీదున్న కాకులన్నీ లేచిపోయాయి. ఇన్నాళ్లూ బిగబట్టుకున్న దూలం ఒక్కసారి జరిగి ఆగింది. మేడం వంగి చూసింది. పై సగం గీత, కింది సగం గీత విడిపోయి, మధ్య గోరు పట్టేంత ఎడం. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని, మళ్లీ చూసింది. దిమ్మె అంచు పగలగొట్టి కొత్తగా పోశారు. పలకలు మార్చారు. మేనేజరు చేతిలో ఉన్న కొత్త వంతెన బొమ్మలో ఆ సందులో రంగు వేయరాదని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. ఆ అక్షరాలు మాత్రం ఆయనే రాశాడు.

వంతెన తెరిచాక కూడా నాకు ఒక ముల్లు మిగిలిపోయింది. మేడం ఆఫీసుకి వచ్చే ఆఖరి వారంలో అడిగేశాను.

"మనం చూడకపోయి ఉంటే పడేదాండీ?"

"తెలీదు."

"మీ అంచనా అయినా చెప్పండి."

"ఇది బోర్లించి పెట్టే కాగితం కాదు నాయనా, తిరగేసి సరిచూసుకోడానికి. పడకపోవచ్చు. కొన్నేళ్లు అలాగే ఏడుస్తూ నిలబడి ఉండేదేమో. నువ్వు ఈ జవాబు కోసం నిద్ర మానుకుంటే అది నీ ఇష్టం." సొరుగు ఖాళీ చేస్తూ, "పాప ఎలా ఉంది?" అంది.

అప్పుడు నోరు జారి నిజం చెప్పాను. పాప నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా అని పదేపదే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాననీ, ఒళ్లు వెచ్చగా అనిపిస్తే చాలు థర్మామీటరు పెడుతూనే ఉంటాననీ, చూసేకొద్దీ భయం పెరుగుతోందనీ.

ఆవిడ నవ్వలేదు. బల్ల మీద సామాను అట్టపెట్టెలో సర్దుతూ చెప్పింది.

"భయమేసిన చోటికి ఇంకా దగ్గరగా వెళ్లి చూడకు. ఎంత దగ్గరికెళ్తే అంత పెద్దదవుతుంది, దానికి అంతు లేదు. వీటి గురించి ఏ దిగులూ లేదులే అని నువ్వు పక్కన పెట్టినవి ఉంటాయి చూడు, ఎవరో చెప్తే నమ్మి వదిలేసినవి. వాటి దగ్గరికి వెళ్లు. చేత్తో ఒకసారి కదిపి చూడు. చూసి ఇంటికి పో. కాలం మారాక మళ్లీ వెళ్లు. మధ్యలో వెళ్లకు. మధ్యలో వెళ్తే అది జాగ్రత్త కాదు, రోగం."

ఆవిడ వెళ్లిపోయి కొన్నాళ్లయింది. క్రెష్ వెనక వైపు ఒక చిన్న గేటుంది, తెరిస్తే నేరుగా గట్టు అంచు. అది ఎప్పుడూ తాళం వేసే ఉంటుందని మొదటి రోజే ఆయా చెప్పింది, నేను సరేనన్నాను. పోయిన వారం పాపని దింపి, వెనక్కి నడిచి వెళ్లి ఆ గేటుని తోశాను. తెరుచుకుంది. తాళం గొళ్లేనికి వేలాడుతోంది గానీ, గొళ్లెం గోడలో పట్టి లేదు. ఆయాని పిలిచి చూపించాను. ఆవిడ బుగ్గన వేలేసుకుంది. మేస్త్రీని పిలిపించి ఆ సాయంత్రమే బిగించారు. వెళ్లి మళ్లీ తోసి చూశాను. కదల్లేదు.

నిన్న ఆ గేటు దగ్గర నుంచే వచ్చాను. కాళ్లు అటు లాగాయి. వెళ్లలేదు. వానలు మొదలయ్యాక వెళ్తాను.